ఆ కత్తి నూరింది నేనే

మా ఆయన కత్తి పదును గురించి జూలూరుపాడు చుట్టుపక్కల పదిమంది పదిరకాలుగా చెప్పుకునేవాళ్ళు. చెంప మీద కత్తి నడుస్తున్నట్టే ఉండదని ఒకరు, గీయించుకుంటూ కునుకు తీశానని ఇంకొకరు. అవన్నీ నేను ఎదురుగా ఉండి విన్నాను. షాపు ముందు ఊడుస్తూ విన్నాను, టీ గ్లాసులు అందిస్తూ విన్నాను. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు విన్నాను. ఆ పదును పెట్టింది నేను.

కోపం తగ్గాక రాయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. తగ్గేదాకా ఆగితే ఇది రాయనే రాయను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది క్షౌరవృత్తి కుటుంబం. మెయిన్ రోడ్డు మీద, బస్టాండుకు కాస్త ఇవతల మా సెలూను. ఇప్పుడు ఏ సెలూన్‌లోనైనా బ్లేడును సగానికి విరిచి పిడిలో పెట్టి గీస్తారు, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడరు. మంచి పద్ధతే. కానీ పాతకాలపు మడత కత్తి పూర్తిగా పోలేదు. కొందరికి బ్లేడు పడదు, గీసిన మర్నాడు మెడంతా పొక్కులు లేస్తాయి. అలాంటివాళ్ళు ఎవరి కత్తి వాళ్ళు కొనుక్కొని దాచుకుంటారు, నెలకోసారి పదును కోసం మా షాపులో ఇస్తారు. ఏన్కూరు వైపు, కొత్తగూడెం వైపు ఉన్న రెండు పాత సెలూన్ల వాళ్ళు కూడా తమ కత్తులు మా ఆయనకే పంపేవాళ్ళు. ఆయన వాటిని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. రెండోరోజు మళ్ళీ గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళేవాడు. మధ్యలో ఏం జరిగిందని అడిగినవాళ్ళు లేరు.

నాకు నూరడం నేర్పింది మా అత్తమ్మ. అది మూడు రాళ్ళ పని. గరుకు రాయి మీద అంచు తేలుతుంది. నడిమి రాయి మీద ఆ గరుకు గీతలు పోతాయి. ఆఖరుది సన్నరాయి, అసలు సంగతంతా దాని దగ్గరే. కత్తి వెన్నూ అంచూ రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి, చేతి బరువు వేయకుండా ముందుకు తోయాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే అంతసేపూ చేసిన పని మట్టిలో కలిసినట్టే. నేను నేర్చుకునే రోజుల్లో అత్తమ్మ నా మణికట్టు మీద చింతగింజ పెట్టేది. అది జారి పడితే నేను బరువు వేస్తున్నట్టు.

చెయ్యి కుదిరిన రోజు అత్తమ్మ నాతో ఒక మాట అంది.

"నువ్వు నూరుతున్నవని బయట చెప్పకు బిడ్డా. ఆడది నూరిందని తెలిస్తె కత్తులు రావు."

"నువ్వెన్నేండ్లు నూరినవ్ అత్తమ్మా?"

"లెక్కవెట్టలే. మీ మామకు మంచి పేరుండె," అంది.

ఆ మాట ఆమె గర్వంగానే అంది. నాకు మాత్రం కోపం వచ్చింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, ఇంటర్ ఆపేసి వచ్చినదాన్ని. రాళ్ళు కడిగి లోపల పెట్టాను. తర్వాత ఆమె పోయింది, ఆమె రాళ్ళు నాకు వచ్చాయి. వాటితో పాటు ఆమె నోరు మూసుకోవడం కూడా నాకే వచ్చింది.

రెండేళ్ళ కిందట మా ఆయన కుడి చెయ్యి వణకడం మొదలైంది. ఖమ్మంలో డాక్టరుకు చూపించాం. మాత్రలిచ్చాడు, వణుకు పెరగకుండా ఉంటుందన్నాడు, తగ్గుతుందని మాత్రం అనలేదు. అప్పటినుంచి షాపులో కటింగులూ షేవింగులూ మా మరిదే చేస్తున్నాడు. మా ఆయన కౌంటరు దగ్గర కూర్చుంటాడు. అయినా కత్తులు రావడం ఆగలేదు, పదును పేరూ ఆగలేదు. చెయ్యి వణికే మనిషి పేరు మీద కత్తులు తళతళలాడుతూ వెళ్తూనే ఉన్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మనిషి చెయ్యి గ్లాసు పట్టుకుంటే చాయ్ ఒలుకుతుందే, ఆ చేత్తో ఎలా నూరాడని ఒక్కరంటే ఒక్కరు ఆలోచించలేదు. చూడదలుచుకోని వాళ్ళకు ఏదీ కనబడదు.

నిరుడు ముత్యాలమ్మ పండుగ రోజున సన్నరాయి పోయింది. పోవడమంటే ఎవరూ ఎత్తుకుపోలేదు. పొద్దున్నే లేచి వాకిట్లోకి వచ్చేసరికి మా మరిది పీట వేసుకొని కూర్చొని, ఆ రాయి మీద మేకను కోసే కత్తి నూరుతున్నాడు. ఉప్పు రాసినట్టు బరబరా శబ్దం. నేను పరుగెత్తి రాయి లాక్కున్నాను. నడిమధ్యలో గోరు దిగేంత గాడి పడింది, ఒక మూల పొర లేచింది.

"గీ రాయి మీద మేకకత్తి నూరినవా?"

"అవ్, నూరిన. ఏమైంది వదినా?"

"ఏమైందా? మీ అమ్మ రాయి ఇది!"

"రాయి రాయే గద. ఏంది, బంగారమా?"

నేను అరిచాను. పండుగపూట చుట్టాలందరూ చూస్తున్నారు. మా ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, పండుగ పూట ఎందుకు లొల్లి," అన్నాడు. వాళ్ళ అమ్మ నలభై ఏళ్ళు, నేను ఇరవై ఏళ్ళు కంటి పాపలా చూసుకున్న రాయి ఆయనకు పోనీలే. అదే ఎవరైనా షాపులో అద్దం పగలగొడితే పోనీలే అనేవాడా? మధ్యాహ్నం మేకమాంసం వండి అందరికీ వడ్డించాను. నేను ముద్ద ముట్టలేదు. ఎందుకు తినలేదని కూడా ఎవరూ అడగలేదు.

రాయిని బాగుచేద్దామని మూడు రోజులు తిప్పలు పడ్డాను. బండ మీద తడి ఇసుక పోసి రుద్ది గాడి చదును చేద్దామనుకున్నాను. రుద్దినకొద్దీ పొరలు పొరలుగా లేచింది. మూడోరోజుకు అది రెండు పలకలై నా చేతిలోకి వచ్చింది. నేను ఏడ్చాను. రాయి కోసం ఏడ్చిన మనిషిని చూసి మరిది నవ్వాడు.

కత్తులు మాత్రం వస్తూనే ఉన్నాయి. కొత్త సన్నరాయి కొనాలి. మా ఆయనా నేనూ బస్సెక్కి ఖమ్మం వెళ్ళాం. పెద్ద బజారులో ఒక హార్డ్‌వేర్ షాపులో అన్నిరకాల సానరాళ్ళూ దొరుకుతాయని చెప్పారు. షాపాయన మమ్మల్ని చూసి మా ఆయననే పలకరించాడు.

"ఏం కావాలె అన్నా?"

"గడ్డం కత్తికి ఆఖర్న నూరే సన్నరాయి కావాలె," అన్నాను నేను.

ఆయన మా ఆయన ముఖం చూస్తూనే, "నువ్వేనా అన్నా నూరేది?" అని అడిగాడు.

మా ఆయన కుడిచెయ్యి ఎడమ చంకలో దాచుకున్నాడు. "అవ్, నేనే," అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. పక్కనే. ఇరవై రెండేళ్ళు పక్కన లేనట్టు మసిలింది చాలలేదా? బయటివాళ్ళతో అలా చెప్పడం ఒకటి, నా కళ్ళ ముందు, నేను వాడబోయే రాయి కొంటూ చెప్పడం ఒకటి. అక్కడే అరిచి ఉండాల్సింది. అరవలేదు. నాకు రాయి కావాలి.

షాపాయన తెల్లటి పలక ఒకటి తీసి పెట్టాడు. అట్టపెట్టె మీద పన్నెండు వేలని అంకె అచ్చు వేసి ఉంది. అంకె పెద్దదైతే రాయి సన్నమట.

"ఒకసారి తడిపి గోరు రుద్ది చూస్త," అన్నాను.

సన్నరాయిని అలాగే చూస్తారు. తడిపిన రాయి మీద బొటనవేలి గోరు రుద్దితే, గోరు మీద గీతలు పడ్డాయా, మెరుపు వచ్చిందా అన్నది చెప్పేస్తుంది. గోరు కంటే నమ్మకమైన అంకె లేదు.

"తడిపిన మాల్ ఎవరు కొంటరు?" అన్నాడు షాపాయన, ఈసారి కూడా మా ఆయనతోనే. "అంకె ఉంది గదన్నా, ఇంకేం చూస్తరు? మేడమ్‌కు చెప్పు."

కొన్నాం. ఇంటికి వచ్చి నీళ్ళలో నానబెట్టి గోరు రుద్దాను. గోరు మీద గీతలు. మా నడిమి రాయే దానికంటే నయం. పన్నెండు వేలూ లేదు, పన్నెండూ లేదు. మర్నాడే మళ్ళీ బస్సెక్కి పట్టుకెళ్ళాం.

"వాడిన రాయి వాపస్ తీసుకోం," అన్నాడు. నేను గోరు చూపించాను. చూడలేదు. అప్పటికి మా ఆయన చెయ్యి కౌంటరు అద్దం మీద ఆనించి ఉంది. అద్దం సన్నగా గలగలమంటోంది. షాపాయన ఆ చెయ్యి చూశాడు. పెదవి ఒక పక్కకు లాగి, "చెయ్యే సక్కగ లేకుంటె రాయేం చేస్తదన్నా," అన్నాడు.

మా ఆయన ముఖం నల్లబడిపోయింది. అప్పుడు నాకు ఆగలేదు.

"చెయ్యి నాది! గీ చెయ్యి. చూడు, వణుకుతుందా?" అని నా రెండు చేతులూ అద్దం మీద చాచాను. "నూరేది నేను. నీ రాయి దొంగ రాయి."

షాపులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. షాపాయన నవ్వాడు. కోప్పడి ఉంటే నాకు అంత మంట ఉండేది కాదు. చిన్నపిల్ల ఏదో అన్నట్టు నవ్వి, "సరే తల్లీ," అని వేరే బేరం చూసుకున్నాడు.

మెట్లు దిగుతుంటే అక్కడ మేకులు కొంటున్న ఒక వడ్రంగి వెనకాలే వచ్చాడు. "దర్జీల గల్లీల కత్తెరలకు సాన పట్టే చాచా ఉన్నడు. ఆయన దగ్గర పాతవి ఉంటయ్," అని దారి చెప్పాడు. నేను ముందు, మా ఆయన నాలుగడుగుల వెనక నడిచాం.

చాచా దుకాణం మంచమంత వెడల్పు. గోడకు తగిలించిన కత్తెరల మధ్య, తెల్ల గడ్డంతో, మందపాటి అద్దాలు పెట్టుకొని ఆయన కూర్చున్నాడు. సంగతి చెప్పాం. ఆయన అడిగింది ఒక్కటే.

"నూరేది ఎవరు?"

మా ఆయన గల్లీలోకి చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా, "నేనే చాచా," అన్నాను.

"కత్తి తెచ్చినవా బేటీ?"

అంతే. ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు, నువ్వా అనలేదు. కత్తి తెచ్చావా అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్నకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మామూలు ప్రశ్న వినడానికి ఇరవై రెండేళ్ళు పట్టినందుకు మళ్ళీ కోపమూ వచ్చింది.

ఆయన ట్రంకుపెట్టెలోంచి పాత లుంగీ గుడ్డలో చుట్టిన రాళ్ళు రెండు తీశాడు. ఒకటి నల్లది, నున్నగా, నీళ్ళు పోస్తే పూసలు కట్టి జారిపోయేంత గట్టిది. ఇంకొకటి బూడిదరంగుది, నీళ్ళను మెల్లగా తాగేది. రెండింటినీ తడిపి గోరు రుద్దాను. రెండింటికీ మెరుపే వచ్చింది. వేలితో తడిమి గింజలూ నరాలూ ఏమైనా ఉన్నాయేమో చూశాను. రాయిలో ఒక్క గట్టి గింజ ఉన్నా చాలు, అంచుకు పళ్ళు పడతాయి. లేదు. రాయి పరీక్షకని సంచిలో తెచ్చుకున్న మా ఆయన కత్తి తీసి ఒక్కోదాని మీద పది పది తోపులు తోశాను. నల్లదాని మీద కత్తి గాజు మీద జారినట్టు జారింది, చప్పుడే లేదు. బూడిద దాని మీద మెత్తటి గుంజుడు, ఆవుదూడ చెయ్యి నాకినట్టు. ముంజేతి వెంట్రుకలను రెండూ ఒకేలా కోశాయి.

"చెప్పలేకపోతున్న చాచా," అన్నాను.

"దుకాన్ల తెల్వది బేటీ. జల్దీ ఏం లేదు. రెండూ తీస్కపో. నచ్చింది ఉంచుకొని ఇంకోటి తెచ్చియ్యి."

ఆయన చెప్పింది నిజం. మా అత్తమ్మ కూడా రాయి మంచిచెడ్డలు నూరిన రోజు చెప్పేది కాదు. మామ గడ్డం గీసుకున్న మర్నాడు పొద్దున, చాయ్ ఇస్తూ ఆయన గదవ చూసేది. ఎర్రగా ఉంటే రాయి తప్పు, తెల్లగా ఉంటే రాయి ఒప్పు. పదునైన కత్తి వేరు, మంచి కత్తి వేరు అనేది. మామ తన గడ్డం తాను గీసుకునేవాడు కాబట్టి ఆమెకు చూస్తే సరిపోయింది. మా ఆయనకు ఆ వీలు లేదు. కాబట్టి నేనే గీయాలి.

మంగళవారం షాపు సెలవు. పొద్దున పదింటికి రేకుల కింద కుర్చీ వేసి మా ఆయనను కూర్చోబెట్టాను. బూడిదరాయి మీద కత్తి సిద్ధంగా ఉంది.

"నీకు గీసుడు వస్తదా?" అన్నాడు.

"నూరుడు వచ్చినోళ్ళకు గీసుడు రాదా?"

"అది వేరే, ఇది వేరే."

"కదలకు."

నురగ పట్టించాను. మన భాషలో కత్తులు నూరడమంటే పగబట్టడం. ఇన్నేళ్ళూ నేను పగ లేకుండానే నూరాను. ఆ రోజు మాత్రం రెండు అర్థాలూ నా చేతిలోనే ఉన్నాయి. చెవి కింద కత్తి ఆనించాక ఆయన నోరు తెరవలేడు. అప్పుడు అడిగాను.

"నేనే నూరుత అని గా షాపుల ఎందుకన్నవ్? నేను పక్కన లేనా? నేను మనిషిని గానా?"

ఆయన కళ్ళు మాత్రం కదిలాయి. ఎడమ చెంప మొత్తం గీశాను, గదవ కింద గీశాను. ఎక్కడా తెగలేదు. తడిగుడ్డతో తుడిచాక ఆయన మెల్లగా అన్నాడు.

"గా మనిషి నా చెయ్యినే చూస్తుండు. కటింగ్ పోయింది, షేవింగ్ పోయింది. గదొక్కటన్న నాదనిపియ్యాలె అనుకున్న."

జాలి వేసింది. జాలి వేసిందని కోపం పోలేదు. నీ దగ్గర ఉన్నది పోయిందని నా దగ్గర ఉన్నది నీదంటావా అని అడిగాను. ఆయన తల దించుకున్నాడు. "తల ఎత్తు, ఇంకో చెంప ఉంది," అన్నాను.

అదే కత్తిని మళ్ళీ నడిమి రాయి నుంచి తెచ్చి నల్లరాయి మీద నూరి కుడి చెంప గీశాను. గీస్తుంటేనే తేడా తెలిసింది. కత్తి ఉందా లేదా అన్నట్టు పోయింది. ఆయన రెండు చెంపలూ తడుముకొని, "కుడిదే. అనుమానమే లేదు," అన్నాడు.

"రేపు పొద్దున చూద్దాం," అన్నాను.

తెల్లారి చాయ్ ఇస్తూ చూశాను. కుడి చెంప మీద, మెడ మలుపులో, చెమటకాయల్లా సన్నటి ఎర్ర పొక్కులు. మంటగా ఉందని ఒప్పుకున్నాడు. ఎడమ చెంప పసిపిల్లాడి చెంపలా ఉంది. బూడిదరాయిని ఉంచుకున్నాను. నల్లదాన్ని తిరిగి ఇవ్వడానికి ఒక్కదాన్నే ఖమ్మం వెళ్ళాను. చాచాకు రెండు చెంపల సంగతీ చెబితే తల ఊపుతూ విన్నాడు. నా ఫోన్ నంబరు ఒక అట్టముక్క మీద రాయించుకున్నాడు.

"నా కండ్లకు ఇప్పుడు అంచు కనవడ్తలేదు బేటీ. గడ్డం కత్తులు వస్తె నీకే పంపుత."

కొత్త రాయి మీద నేను నూరిన మొదటి బయటివాళ్ళ కత్తి ఒక తోట యజమానిది. వేంసూరు వైపు నుంచి వచ్చి మా ఊరి దగ్గర పామాయిల్ తోట పెట్టిన పెద్దాయన. ఆయన తాతల నాటి కత్తి, కొమ్ము పిడి. పదిహేనేళ్ళుగా నెల తప్పకుండా మా షాపుకు వచ్చేది. ఆ ఆదివారం ఆయన కత్తి తీసుకోవడానికి వచ్చి, మా ఆయన ముందే గోటి మీద ఆనించి చూసుకున్నాడు.

"ఏమయ్యా, వయసు పెరిగేకొద్దీ నీ పదును పెరుగుతోందే! చెయ్యి వణికినా విద్య వణకలేదు చూశావా?" అన్నాడు.

మా మరిది కస్టమరు తల పట్టుకొని ఇటే చూస్తున్నాడు. మా ఆయన నవ్వీ నవ్వకుండా నిలబడ్డాడు. నేను ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. రెండు చెంపలూ నా చేతికి ఇచ్చిన మనిషి ఇప్పుడన్నా నోరు విప్పుతాడనుకున్నాను. విప్పలేదు.

"కత్తి నూరింది నేను సార్," అన్నాను. "ఇదొక్కసారి గాదు. పదిహేనేండ్ల నుంచి మీ కత్తి నూరుతుంది నేనే."

పెద్దాయన నా వైపు చూడలేదు. మా ఆయన వైపే చూశాడు. "అంటే, ఇన్నాళ్ళూ నా కత్తి ఆడమనిషి చేతికి ఇచ్చావా?"

మా ఆయన కౌంటరు మీది దువ్వెనలు సర్దుతున్నాడు.

"ముందే చెప్పొద్దూ? అందుకే ఈ మధ్య ఒకటి రెండుసార్లు గాటు పడింది," అన్నాడు.

చూడండి. రెండు నిమిషాల కిందట విద్య వణకలేదన్న నోరే అది. కత్తి మారలేదు, పదును మారలేదు, ఆయన గోరూ మారలేదు. నూరింది నేనని తెలియగానే ఎప్పుడో పడ్డ గాట్లు గుర్తొచ్చాయి. నేను ఆ మాటే అనబోయాను. ఆయన కత్తి జేబులో పెట్టుకొని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఏన్కూరు వైపు సెలూన్ నుంచి కత్తులు రావడం ఆగింది. పైనెల కొత్తగూడెం వైపువి కూడా రాలేదు. మా మరిది, "అనవసరంగ నోరు జారినవ్ వదినా," అన్నాడు. రాయి చెడగొట్టినవాడు నాకు బుద్ధి చెప్పాడు. మా ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఇంట్లో ఆయనతో వారం రోజులు అవసరమైన మాటలే మాట్లాడాను. అన్నం తింటవా, మాత్ర వేసుకున్నవా, అంతే.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ ఆయనే మొదలుపెట్టాడు. "మా అమ్మ నూరేదని మా నాయనకు గూడ తెల్సు. ఎన్నడు ఎవరికి చెప్పలె. చెప్తే తప్పేమో అనుకున్న."

"తప్పెవరికి?" అని అడిగాను.

ఆయన కంచంలో నీళ్ళు పోసుకొని లేచాడు.

నెలన్నర తర్వాత చాచా ఫోన్ చేశాడు. కత్తి ఒకటి వచ్చింది, కొత్తగూడెం బస్సు కండక్టరుకు ఇచ్చి పంపిస్తున్నా, తీసుకొమ్మన్నాడు. బస్టాండుకు వెళ్ళి పొట్లం అందుకొని అక్కడే విప్పాను. కొమ్ము పిడి. వేంసూరు పెద్దాయన కత్తి. మధ్యలో ఎవరో నూరారు, ఎవరో నాకు తెలియదు. వెన్ను లేపి నూరినట్టున్నారు, అంచు అలలు అలలుగా ఉంది. రెండు చోట్ల పళ్ళు పడ్డాయి.

బస్టాండులో నిలబడే చాచాకు ఫోన్ చేశాను. "చాచా, గీ కత్తి నేను నూరను. గా మనిషి నన్ను ఏమన్నడో నీకు తెల్వదు," అని జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నూరకుంటె వాపస్ పంపు బేటీ, నేనేం అనుకోను. నూరితె మాత్రం నువ్వు నూరినవనే చెప్త. నా పేరు జెప్పుకోను."

ఇంటికి వచ్చి కత్తిని ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఆ పళ్ళు చూస్తుంటే చేతులు ఊరుకోలేదు. గరుకు రాయి నుంచి మొదలుపెట్టి రెండు పగళ్ళు పట్టింది. బూడిదరాయి మీద ఆఖరి తోపు తోసి, తోలు పట్టీ మీద లాగి, అదే కండక్టరుతో తిరిగి పంపాను.

పది రోజులకు పెద్దాయన మా షాపుకు వచ్చాడు. నేను లోపల తువ్వాళ్ళు మడతపెడుతున్నాను.

"ఖమ్మంలో ఆ సాయిబు చెప్పాడమ్మా, నువ్వే నూరావని. ఆయన చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది. పనితనం ఉంది నీలో," అన్నాడు, ఏదో బహుమానం ఇస్తున్నట్టు.

నేను తువ్వాలు పక్కన పెట్టాను. "నేను చెప్తే అబద్ధం, చాచా చెప్తే నిజమా సార్? గా రోజు నేను నా నోటితోటే చెప్పిన గద."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. అప్పుడు కౌంటరు వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఎప్పుడు నూరింది ఆమెనే సార్. ఆమెకు ముందు మా అమ్మ. నేను ఒక్క కత్తి గూడ నూరలె."

షాపులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మా మరిది చేతిలో కత్తెర ఆగిపోయింది. ఈ మాట కోసమే నేను ఇన్నేళ్ళు కాచుకొని ఉన్నాను కదా, సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇంత చిన్న మాటా, ఒక్క ఊపిరిలో అయిపోయేదా, దీనికా ఇన్నేళ్ళు నన్ను తలుపు వెనక కూర్చోబెట్టారని ఒళ్ళు మండిపోయింది. మా అత్తమ్మ ఈ మాట వినకుండానే పోయింది. ఆమెకు ఎవరు చెబుతారు?

పెద్దాయన జేబులోంచి కత్తి తీసి మా ఆయన ముందు కౌంటరు మీద పెట్టబోయాడు. అలవాటు.

"ఇటియ్యండి సార్," అని చెయ్యి చాచాను.

ఒక క్షణం తటపటాయించి నా చేతిలో పెట్టాడు. విప్పి వెలుతురులో చూశాను. అంచు బాగానే ఉంది, కాస్త అలసిందంతే. సన్నరాయి మీద పదిహేను తోపులు చాలు.

"ఎప్పుడు రమ్మంటావమ్మా?" అని అడిగాడు.

"వారం ఆగాలె సార్," అన్నాను. "పనెక్కువ ఉంది."

పని ఏమీ లేదు. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు. అయినా ఆయన చీటీ మీద తారీకు రాయడానికి కలం తీసి, చెయ్యి వణుకుతుంటే, కలం నాకిచ్చాడు.